ఆవగింజంత నిద్ర

“మూడోసారి అడుగుతున్నాను. పిల్లకు ఏం పెట్టారమ్మా?” అన్నారు లాజరు గారు.

ఆయన మిషను ఆసుపత్రిలో కంపౌండరు. మా సంఘానికి పెద్ద కూడా. ఆదివారం గుడికి వేసుకునే తెల్లకోటుతోనే వచ్చి, నేలమీద మోకాళ్ళూని, పాపాయి కనురెప్పను బొటనవేలితో పైకెత్తి చూస్తున్నారు. వేలు తీయగానే రెప్ప దానంతటదే వాలిపోయింది.

“ఏమీ లేదండి,” అన్నాను.

“ఏమీ లేదయ్యా. ఏడు నెలల పిల్ల, రొమ్ముపాలు తప్ప ఏమీ ఎరగదు,” అంది మా అత్తగారు సంపూర్ణమ్మ.

ఇద్దరం ఒకేసారి అన్నాం. పెళ్ళయిన మూడేళ్ళలో మేమిద్దరం ఒకే మాట మీద నిలబడటం అదే మొదలు.

లాజరు గారు మావారి వైపు తిరిగారు. “రాజరత్నం మాస్టారూ, నిన్న ఎన్నింటికి పడుకుంది?”

“మేం పుస్తకం చదివే సభకు బయల్దేరేటప్పటికే పడుకుందండి. నాలుగు దాటి ఉంటుంది. అప్పటినుంచీ ఇదే నిద్ర. మధ్యలో ఒక్కసారైనా లేవలేదంటుంది అమ్మ. మేం తిరిగొచ్చాక పాలకు లేపితే పెదవి కూడా కదపలేదు.”

“ఇది రెండు రకాలుగా వస్తుంది మాస్టారూ. జ్వరం తలకెక్కితే పిల్లలు ఇలాగే పడి ఉంటారు. కడుపులోకి ఏదైనా పోయినా ఇలాగే పడి ఉంటారు. దాని మందు వేరు, దీని మందు వేరు. ఒకదానికివ్వాల్సింది ఇంకోదానికిచ్చానంటే, పిల్ల నా చేతుల్లోనే పోతుంది.”

నేను పాపాయి కింది గుడ్డ సర్దాను.

“అయితే జ్వరమనే అనుకుంటాను,” అని ఆయన లేచి మోకాళ్ళు దులుపుకున్నారు. “ఇవాళ మందుల గదికి తాళం. తాళంచెవి దొరగారి బంగళాలో ఉంటుంది. తెచ్చి, మందు కలుపుకుని గంటలో వస్తాను. ఈలోపల ఎవరికైనా ఏదైనా జ్ఞాపకం వస్తే చెప్పండి. తప్పు పట్టడానికి అడగటం లేదమ్మా.”

తప్పు పట్టడానికి కాదట. పోయినేడు మా పేటలో సత్తియ్య నల్లమందు తింటున్నాడని తెలిసినప్పుడు అతన్ని గుడిలో రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్ల దగ్గరికి రానివ్వకుండా ఆపింది ఎవరు? ఈ లాజరు గారే. ఆ బల్ల సంస్కారం రోజున సత్తియ్య ఇప్పటికీ గుడిమెట్ల మీద చెప్పుల పక్కన కూర్చుంటాడు. అతని పెళ్ళాం లోపలికి వెళ్తూ అతని వైపు చూడదు.

మావారు పాటల పుస్తకం చంకన పెట్టుకున్నారు. “ఇవాళ గుడిలో వేదపాఠం చదవాల్సింది నేను. చదివి, పాపాయి కోసం ప్రార్థన చేయమని చెప్పి, లాజరు గారితో కలిసి వచ్చేస్తాను.” గడప దగ్గర ఆగారు. “నిన్న మనం వెళ్ళకుండా ఉండాల్సింది, దేవకుమారీ.”

మనం అన్నారు. నువ్వు అనలేదు. నువ్వు అని ఉంటే, అక్కడే ఆయన కాళ్ళమీద పడి అంతా చెప్పేసేదాన్నేమో.

* * *

అరగింజ. ఆవగింజలో సగం. అంతే పెట్టాను.

నాట్లకు పోయే తల్లులు చేసే పనే అది. చనుమొనకు నల్లమందు కాస్త రాసి పిల్లకు పాలిస్తారు. గట్టు మీద గుడ్డ పరిచి పడుకోబెడితే పొద్దు నడినెత్తికి వచ్చేదాకా ఆ పిల్ల కదలదు. మా అమ్మ నాకూ, తమ్ముడికీ అలాగే చేసింది. మేం బతికాం. బతికాం కాబట్టి అది మందే అనుకున్నాను.

నాది నాట్ల తొందర కాదు. కథ తొందర.

భీమవరం వైపు నుంచి శివరామరాజు గారని ఒకాయన పడవలో వచ్చి, తాను రాస్తున్న నవలను శనివారానికి ఒక ప్రకరణం చొప్పున గోదావరి గట్టున ఒక మేడలో చదువుతున్నారు. రాజమండ్రిలో నాలుగక్షరాలు వచ్చినవాళ్ళంతా అక్కడే ఉంటారు. మగవాళ్ళకు బల్లలు. ఆడవాళ్ళకు పక్క గుమ్మంలోంచి దారి, వెదురు తడక వెనక రెండు చాపలు. ముందు చాప ప్లీడర్ల ఇళ్ళవాళ్ళది. వెనక చాప మాది. ఆయన గొంతు సన్నం. వెనక చాపకు సగం మాటలే చేరతాయి. మిగతా సగం నేనే కల్పించుకునేదాన్ని.

నా చదువు నాలుగో తరగతితో ఆగింది. అమ్మ పోయాక తమ్ముణ్ణి ఎత్తుకోవడానికి మనిషి లేక బడి మాన్పించారు. ఆ తడక వెనక కూర్చున్నంతసేపూ నన్నెవరో మళ్ళీ బడికి పంపినట్టుండేది.

మూడు వారాల కిందట పాపాయిని వెంట తీసుకువెళ్ళాను. సరిగ్గా కథ మంచి పట్టులో ఉండగా గుక్కపట్టింది. రాజు గారు చదవటం ఆపి, కళ్ళద్దాలు తీసి, తుడుచుకుంటూ కూర్చున్నారు. బల్లల మీదనుంచి ఎవరో, “కథలో ఏడవాల్సినవాళ్ళు ఇంకా ఏడవలేదండీ, తడక వెనక ముందే మొదలెట్టేశారు!” అన్నారు. మేడంతా నవ్వింది. మావారు రెండో బల్ల మీద తల వంచుకున్నారు. తిరిగి వస్తూ దారిపొడుగునా ఒక్క మాటే అన్నారు. “పాపాయి నిద్రపోతేనే ఇంక రా.”

అత్తగారిది ఇంకో షరతు. “నిద్రపోయే పిల్లనైతే కనిపెట్టుకుని ఉంటాను. ఏడ్చే పిల్లను నా నెత్తిన రుద్ది కథలకు పోతానంటే కాళ్ళు విరగ్గొడతాను.”

నిన్న మూడింటికి పాపాయి నిద్రపోలేదు. పళ్ళు వస్తున్నాయి. ఎత్తుకుంటే ఏడుపు, దింపితే ఏడుపు. గంట గడిచేసరికి నాకే ఏడుపొచ్చింది.

అప్పుడు బియ్యం కుండలో చెయ్యి పెట్టాను. కుండ అడుగున అత్తగారి ఇత్తడి భరిణె ఉంటుంది. మతంలోకి రాకముందు ఆమె కుంకుమ పెట్టుకున్న భరిణె అది. ఇప్పుడందులో నల్లమందు ఉంటుంది. మోకాళ్ళ నొప్పులకని రోజూ పొద్దున్నే కాస్త మింగుతుంది. ఆ సంగతి ఆమెకూ, నాకూ, గుట్టుగా తెచ్చి ఇచ్చే పోతురాజుకూ తప్ప నాలుగో మనిషికి తెలియదు. మావారికి కూడా.

* * *

గుడిలో రెండో గంట కొట్టారు. వీధిలో చెప్పుల చప్పుళ్ళు ఒకటొకటిగా సద్దుమణిగాయి.

అత్తగారు పాపాయిని ఒళ్ళో వేసుకుని తాటాకు విసనకర్రతో విసురుతోంది. ఎదురుగా నేను.

“చూశావా నీ కథలు ఎంతకు తెచ్చాయో,” అంది.

“ఇప్పుడెందుకండి అత్తయ్యా ఆ మాట.”

“ఇప్పుడు కాక ఎప్పుడే? పాలుతాగే పిల్లను ఇంట్లో పడేసి మగాళ్ళ సభకు పోయే ఆడది ఈ పేటలో ఇంకొకత్తి ఉంటే చూపించు.”

“తడక వెనకే కూర్చున్నానండి.”

“తడకట! రవికంతా పాలతో తడిసి వచ్చావు నిన్న. పైగా నవ్వుకుంటూ వచ్చావు.”

నిజమే. ప్రకరణం సగంలో ఉండగా పాలు చేపుకొచ్చాయి. రొమ్ములు సలిపాయి. లేచి ఇంటికి పో అని ఒళ్ళు చెబుతూనే ఉంది. పైట అడ్డం లాక్కుని, ఇంకొక్క పుట, ఇంకొక్క పుట అని కూర్చున్నాను. అయ్యాక మావారు రాజు గారితో మాట్లాడుతూ నిలబడిపోయారు. పక్క గుమ్మం దగ్గర దీపం వెలుగులో నిలబడి, లోపలి మాటలు వింటూ నవ్వుకున్నాను కూడా.

“తీసుకెళ్ళింది మీ అబ్బాయేనండి.”

“వాడి మీదికి తోయకు. వాడికి పాలున్నాయా?”

“మరి మీరు ప్రతి శనివారం అన్నం కూడా తినకుండా ఎందుకు కాచుకుని కూర్చుంటారు? నేను గడపలో కాలు పెట్టీ పెట్టకముందే ‘ఏమైందే, ఏమైందే’ అని ప్రాణం తీసేదెవరు? మీకు చెప్పి చెప్పి నా గొంతు పోదూ?”

విసనకర్ర ఆగింది.

ఆ మాట అనకుండా ఉండాల్సింది. అత్తగారికి అక్షరం రాదు. శనివారం నేను వినొచ్చిన కథంతా ఆమెకు మళ్ళీ చెప్పాలి. మధ్యలో ఎవరు తలుపు తట్టినా, పాపాయి కదిలినా విసుక్కుంటుంది. కథలు విన్న పాపానికి నన్ను తిట్టడం, ఆ కథనే చెప్పమనడం, రెండూ ఆమెవే.

“చాలా నేర్చావు,” అంది చివరికి, మెల్లగా.

విసనకర్ర మళ్ళీ కదిలింది. నేను పాపాయి పొట్ట మీదే కళ్ళు పెట్టుకున్నాను. పొట్ట లేచింది. పడింది. మళ్ళీ లేచేదాకా పది లెక్కపెట్టాను.

అత్తగారు తన కుడిచేతి చూపుడువేలును చీరకొంగుకు తుడుచుకుంటోంది. పొద్దుటినుంచీ అదే పని. ఏమీ అంటకపోయినా తుడుస్తోంది. తర్వాత బియ్యం కుండ వైపు చూసింది. ఆమె చూడటం నేను చూశాను. నేను చూడటం ఆమె చూసింది.

తెలిసిపోయింది, అనుకున్నాను. భరిణె కదిపిన సంగతి తెలిసిపోయింది.

“ఇవాళ మోకాళ్ళకు వేసుకోలేదేం అత్తయ్యా?” అడిగాను.

“ఆ ఊసు ఎత్తకు.”

“లాజరు గారు అడిగారు కదండి, ఏదైనా కడుపులోకి పోతే మందు వేరని...”

“ఎత్తకన్నానా!” అని కసిరింది. మరుక్షణమే గొంతు తగ్గించింది. “భరిణె సంగతి బయటపడిందంటే నన్నూ సత్తియ్య పక్కన కూర్చోబెడతారు. తల్లి నల్లమందు తింటుందని తెలిస్తే నీ మొగుడు ఏ మొహంతో పాఠం చదువుతాడు? పిల్లకేం, లేస్తుంది. నిద్రే కదా. నిద్రపోయిన పిల్ల లేవక ఏం చేస్తుంది?”

ఆ చివరి మాట నాతో అనలేదు. పాపాయితో అంది.

గుడిలోంచి పాట వినిపించింది. గాలి గోదావరి వైపు నుంచి తిరిగినప్పుడల్లా పాట తెగిపోతోంది. పాపాయిని నా ఒళ్ళోకి తీసుకున్నాను. ఆమె ఇవ్వనన్నట్టు ఒక్క క్షణం పట్టుకుని, వదిలింది. రవిక ముడి విప్పి పాలు నోట్లోకి పిండాను. పాలు పెదవి చివరనుంచి చెంప మీదికి, చెంప మీదినుంచి చెవిలోకి కారాయి. కొంగుతో తుడిచి మళ్ళీ పిండాను.

అత్తగారు గోడవైపు చూస్తూ అడిగింది.

“నీలవేణి పడవ ఎక్కిందా?”

నాకు ముందు అర్థం కాలేదు. నీలవేణి రాజు గారి కథలో పిల్ల. అత్తింటి బాధలు పడలేక పుట్టింటికి పారిపోతున్న పిల్ల. నిన్న పాపాయి పాలకు లేవకపోవడంతో ఇంట్లో కథ మాటే రాలేదు.

ఈ మనిషికి గుండె ఉందా అనుకున్నాను. నా నోరే జవాబు చెప్పింది.

“ఎక్కిందండి.”

“ఒక్కత్తేనా?”

“ఒక్కత్తే. ధవళేశ్వరం కాలువలో పడవ. చాపకింద పడుకోబెట్టి పైన అరటిగెలలు వేశారు.”

“పడవవాడు మంచివాడేనా?”

“మంచివాడేనండి. లాకుల దాకా బాగానే వచ్చింది. అక్కడ తలుపులు మూసేసి ఉన్నాయి. గట్టు వెంట దివిటీలు పట్టుకుని అత్తింటివాళ్ళు వస్తున్నారు.”

“తలుపులు తీశారా?”

“తీయలేదండి. అక్కడికి ఆపేశారు నిన్న.”

“అయితే వచ్చే శనివారం...” అని మొదలుపెట్టి, చప్పున కొంగు నోట్లో కుక్కుకుంది.

అప్పుడు ఏడ్చింది. మా మామగారు పోయినప్పుడు కూడా ఏడవని మనిషి. చప్పుడు లేకుండా, భుజాలు మాత్రం అదురుతుండగా ఏడ్చింది. నేను ఓదార్చలేదు. నేను లెక్కపెట్టుకుంటున్నాను. పది దాటింది. పన్నెండు. పద్నాలుగు. పాపాయి పొట్ట లేవలేదు.

“పాపాయీ!”

కుదిపాను. ఎక్కడినుంచో పెద్ద ఊపిరి ఒకటి వచ్చింది. గుక్క తిప్పుకున్నట్టు. మళ్ళీ నిద్ర.

ఇంక నేను లెక్కపెట్టలేను అనుకున్నాను. సత్తియ్య పక్కన మెట్ల మీద నేను కూర్చుంటాను. నా తర్వాత మెట్టు మీద మావారు కూర్చున్నా సరే.

* * *

వాళ్ళు వచ్చేసరికి వాకిట్లో ఎండ సగం దాకా పాకింది. లాజరు గారి చేతిలో పచ్చని సీసా. వెనక మావారు. ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి. పాఠం సరిగ్గా చదివి ఉండరు.

“చెంచా ఇవ్వండమ్మా,” అని లాజరు గారు బిరడా తీశారు.

“దానికి జ్వరం లేదండి,” అన్నాను.

బిరడా ఆయన వేళ్ళ మధ్యే ఉంది.

“నల్లమందు పెట్టాను. నేనే. నిన్న సభకు పోయేముందు రొమ్ముకు రాసి పాలిచ్చాను. నిద్రపోవాలని.”

మావారు నావైపు చూడలేదు. నేను చెప్పింది వేరే ఎవరి ఇంటి సంగతో అన్నట్టు, వాకిట్లో ఎండవైపు చూస్తూ నిలబడ్డారు.

“ఎక్కడిది?” అన్నారు లాజరు గారు.

“అది అడక్కండి. నేనే తెచ్చుకున్నాను.”

“ఎంత పెట్టావు?”

“ఆవగింజలో సగం.”

“సరిగ్గా చెప్పమ్మా.”

“సగమేనండి. నా పిల్ల మీద ఒట్టు.”

“ఒట్లు నాకొద్దు. సగం గింజ నాలుగింటికి పెడితే దీపాల వేళకు పిల్ల లేచి ఏడవాలి. ఈ పూట దాకా ఇలా ఉండదు. ఇప్పుడు కూడా దాస్తే నేనేం చేయను? ఎంత పెట్టావో చెబితే తప్ప...”

“చెప్పు దేవకుమారీ!” మావారి కేక. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. “ఇంకా ఎందుకు అబద్ధాలు?”

“అబద్ధం కాదండి! సగమే! సగమే పెట్టాను!”

వెనకనుంచి చిన్న గొంతు వినిపించింది.

“నువ్వు కూడా పెట్టావా?”

అత్తగారు గోడకు ఆనుకుని నిలబడి ఉంది. చూపుడువేలును గుప్పిట్లో దాచుకుంది.

“నువ్వు కూడానా? నాకు తెలియదే అమ్మాయ్. నాకు తెలియదే.”

మావారు అప్పుడు తిరిగారు. “అమ్మా?”

“లేచిందిరా రత్నం. దీపాల వేళకు లేచింది. లేవలేదని అబద్ధం చెప్పాను. లేచి ఒకటే గుక్క. ఎత్తుకు తిప్పాను, గుడ్డ తడిపి నోట్లో పెట్టాను, ఊరుకోలేదు. మేడకు కబురు పంపుదామనుకున్నాను.” అత్తగారు నావైపు చూసింది. “పంపితే నువ్వు సగంలో లేచి వచ్చేస్తావు. సగం కథే తెస్తావు. అందుకని... వేలితో దాని చిగుళ్ళకు రాశాను. భరిణె నాదే లాజరూ. మోకాళ్ళకని నాలుగేళ్ళుగా తింటున్నాను. కోడలిదేం లేదు.”

“ఎంత రాశావమ్మా?”

“దీపం ఇంకా పెట్టలేదు. చీకట్లో కనబడలేదయ్యా. రెండు గింజలుండొచ్చు. మూడైనా ఉండొచ్చు.”

లాజరు గారు వాకిట్లోకి వెళ్ళి పచ్చ సీసాను ఒంపేశారు. అదంతా మట్టి పీల్చుకునేదాకా నిలబడి చూశారు.

“మాస్టారూ, మా ఇంటికి పరుగెత్తండి. కాఫీ గింజలు దంచి చిక్కగా కాచి ఇమ్మనండి. పాలు కలపొద్దనండి. నల్లమందు మత్తుకు అదే విరుగుడు.”

మావారు కదల్లేదు.

“మాస్టారూ!”

పాటల పుస్తకం గడపమీద పెట్టి, చెప్పులు లేకుండానే పరుగెత్తారు.

లాజరు గారు కోటు తీసి కొక్కానికి తగిలించి, చొక్కా చేతులు పైకి మడిచారు. “కుండలో చల్లనీళ్ళు తెండి. పిల్లను నిలబెట్టి పట్టుకో అమ్మా, పడుకోనివ్వకు. అరికాళ్ళ మీద కొట్టండి. గిల్లండి.”

“గిల్లటమా అండి?”

“ఏడిపించండి! దాన్ని ఏడిపించాలి. ఏడిస్తేనే ఊపిరి నిలుస్తుంది. ఈ నిద్రలోంచి లాగటానికి వేరే దారి లేదు.”

నేను గిల్లలేకపోయాను. తొడ మీద రెండు వేళ్ళు పెట్టాను. బలం రాలేదు. పక్కనుంచి అత్తగారి చెయ్యి వచ్చింది. నా వేళ్ళను తన వేళ్ళతో కలిపి పట్టుకుని నొక్కింది. పిడికెడంత తొడ. ఎర్రగా కమిలింది.

లాజరు గారు పాపాయి ముఖాన నీళ్ళు కొట్టారు. జుట్టు తడిసి నుదుటికి అంటుకుంది. తల నా భుజం మీదికి వాలిపోయింది. ఎత్తాను. మళ్ళీ వాలిపోయింది.

“ఏడవ్వే నా తల్లీ,” అంటోంది అత్తగారు, అరికాళ్ళ మీద కొడుతూ. “నన్ను తిడుతూ ఏడు. వీధి వీధంతా వినబడేట్టు ఏడు. ఎవరేమంటారో నేను చూస్తాను. ఏడవ్వే.”

నీళ్ళు. మళ్ళీ నీళ్ళు. మళ్ళీ గిల్లాం. ఈసారి నేనే గిల్లాను, గట్టిగా.

పాపాయి నుదురు ముడతపడింది. కనుబొమ్మలు దగ్గరికొచ్చాయి. పెదవి కింది వైపు వంకర తిరిగింది. గుక్క పట్టబోయే ముందు రోజూ దాని మొహం సరిగ్గా అలాగే ఉంటుంది.

లాజరు గారి చేతిలో నీళ్ళచెంబు ఆగిపోయింది. అత్తగారు నా మణికట్టు పట్టుకుంది.

పాపాయి నోరు తెరిచింది.

శబ్దం రాలేదు.